పాత పెట్రోలు జీపుకు ఏ డీజిల్ ఇంజన్?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన మహీంద్రా సీజే-3బీ పెట్రోలు జీపును ఇప్పటికీ చింతపల్లి దగ్గర కాఫీ, మిరియాల తోట పనులకు వాడుతున్నాము. అప్పుడప్పుడు లంబసింగి ఘాటు మీదుగా నర్సీపట్నం వెళ్లివస్తాము. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ వేయించాలనుకుంటున్నాము. షెడ్డులో మూడు పాత ఇంజన్లు చూపించారు: ఒకటి ట్రాక్టరుది, ఒకటి మహీంద్రా ఎంఎం 540 జీపు నుంచి తీసిన ప్యుజో, మూడోది మహీంద్రాదే ఎండీఐ 3200. స్కార్పియో ఇంజన్ వేయిస్తే తిరుగుండదని మా బంధువు ఒకరు అంటున్నారు. నాన్నగారు కాలం చేశారు, ఆర్‌సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఏది వేయించమంటారు?
— ఒక పాఠకుడు, చింతపల్లి

జవాబు: ఇంజన్ సంగతి చూసేముందు మీ ఆర్‌సీ సంగతి తేలాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. మీరు మార్చదలచింది ఇంజన్ నంబరును మాత్రమే కాదు, ఇంధనాన్ని కూడా. అనుమతి లేకుండా మారిస్తే 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా గాని ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించడానికి అదే సాకు అవుతుంది. కాబట్టి ముందుగా ఫారం 31తో బండిని వారసులుగా మీ పేరు మీదికి మార్చుకోండి. ఆ తరువాత ఏ ఇంజన్ వేయదలచారో రాసి ఇచ్చి, రవాణా శాఖ అధికారి అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతికి వచ్చేదాకా షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వవద్దు. అనుమతి రాకపోతే ఉన్న ఇంజన్‌కే బోరు చేయించి, కార్బ్యురేటరు బాగుచేయించుకోవడమే సరైన దారి. అది చిన్నతనం కాదు.

అనుమతి వచ్చిందనుకుందాం. చాలామంది హార్స్‌పవర్ చూసి ఇంజన్ ఎంచుకుంటారు. నా లెక్కలో ఇరుసుల మధ్య ఉండే హౌసింగులలోని క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) నిష్పత్తి చూసి ఎంచుకోవాలి. సీజే-3బీలో సాధారణంగా క్రౌనుకు 43 పళ్లు, పినియనుకు 8 పళ్లు, అంటే 5.38 నిష్పత్తి ఉంటుంది. మీ బండిలోనూ అంతేనా అన్నది విప్పించి లెక్కపెట్టించండి. 6.00-16 టైరు ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు నడుస్తుంది. ఈ లెక్కన టాప్ గేరులో ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే గంటకు 98 కిలోమీటర్లు, 3,200 తిరిగితే 79, 2,000 తిరిగితే 49 మాత్రమే వస్తాయి. మీ పాత హరికేన్ పెట్రోలు ఇంజన్ 4,000 దాకా తిరగడానికి తయారైనది కాబట్టి ఆ నిష్పత్తి దానికి సరిపోయింది. 2,000 చుట్ల చుట్టుపక్కల, వేగం అంతకు మించకుండా గవర్నరు ఆపేసే ట్రాక్టరు ఇంజన్ పెడితే తోటలో పని బాగానే సాగుతుంది గాని, నర్సీపట్నం రోడ్డెక్కాక బండి ఇంజన్ అంతా వాడినా యాభై దాటదు. మన పల్లెల్లో ఈ మార్పు చేయించుకుని, మళ్లీ క్రౌన్ పినియన్ మార్పించడానికి రెండోసారి ఖర్చుపెట్టినవారు ఎందరో ఉన్నారు. ఆ పని చేయవలసివస్తే ముందు, వెనక హౌసింగులు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. వెనకది మాత్రమే మారిస్తే, ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు మరో వేగం కోరుతాయి, ఆ ఒత్తిడికి ముందు, వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గాని జాయింటు గాని విరుగుతుంది.

ప్యుజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్ 2,112 సీసీది. 4,500 చుట్ల దాకా తిరుగుతుంది కనుక మీ నిష్పత్తికి ఇబ్బంది లేదు, మృదువుగా నడుస్తుంది. డీజిల్ నేరుగా సిలిండరులోకి కాక పక్కన ఉన్న చిన్న గదిలోకి చిమ్మే రకం కాబట్టి, చలిలో హీటర్ ప్లగ్గులు సరిగా లేకపోతే సెల్ఫ్ తిప్పీ తిప్పీ బ్యాటరీ దిగిపోతుంది. మీ ప్రాంతంలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎండీఐ 3200 ఇంజన్ 2,523 సీసీది, నేరుగా సిలిండరులోకే చిమ్మే రకం. మోత ఎక్కువ, అదురు ఎక్కువ. అయితే చలిలో సులువుగా స్టార్టవుతుంది, అదే పనికి తక్కువ డీజిల్ తాగుతుంది, 2,000 లోపు చుట్లలోనే లాగుతుంది. మీ పనికి నేను దీన్నే ఎంచుకుంటాను. వారానికి మూడు నాలుగు రోజులు మైదాన రోడ్ల మీద తిరిగేవారు అడిగితే ప్యుజో అని చెప్పేవాడిని.

డీజిల్ అనగానే లాగుడు పెరుగుతుందన్న ఆశ పెట్టుకోకండి. టర్బో లేని ఈ పాత ఇంజన్ల టార్క్ (తిప్పే బలం), మీ హరికేన్ కాగితం మీద చూపే టార్కును మించదు. పైగా సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి పలచబడి, సుమారు పదోవంతు శక్తి తగ్గుతుంది. మీకు కలిసివచ్చేది ఇంధన ఖర్చులో ఆదా మాత్రమే. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో లెక్కవేసి, మార్పు ఖర్చు ఎన్నేళ్లలో తిరిగివస్తుందో చూసుకోండి. స్కార్పియో ఎంహాక్ ఇంజన్‌కు లాగుడు ఉంది. టార్క్ ప్యుజోకు రెట్టింపు మించి ఉంటుంది. ఆ బలానికి మీ గేరుబాక్సు, ముందు హౌసింగు నిలవవు. దానికి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు), సెన్సర్లు, వైరింగు మొత్తం రావాలి. మీ ఊరి దగ్గర రాత్రిపూట ఆగిపోతే బాగుచేసే మనిషి దొరకడు.

ఏ ఇంజన్ తీసుకున్నా గేరుబాక్సు, బెల్ హౌసింగు (ఇంజన్‌ను గేరుబాక్సుకు కలిపే పెట్టె), క్లచ్చు, మౌంటింగులతో సహా ఒకే బండి నుంచి సెట్టుగా తీసుకోండి. మీ జీపు వీల్‌బేసు (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 80 అంగుళాలే. పొడవైన గేరుబాక్సు వస్తే వెనక జాయింటు షాఫ్టు పొట్టిదై, కోణం నిటారుగా మారి, జాయింటు త్వరగా అరిగిపోతుంది. బానెట్టు ఎత్తుగా ఉండడం మాత్రం మీకు కలిసివచ్చే అంశం. ముందు కమాన్ కట్టలకు అదనపు బరువు తగ్గట్టు పట్టీ వేయించాలి, ట్యాంకుకు డీజిల్ తిరిగివచ్చే గొట్టం పెట్టించాలి, రేడియేటరు పెద్దది కావాలి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది బ్రేకుల విషయంలో. పెట్రోలు ఇంజన్‌లో యాక్సిలరేటరు వదిలితే థ్రాటిల్ మూసుకుని, ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. ఈ డీజిల్ ఇంజన్లలో ఆ మూత లేదు కనుక, ఘాటు దిగేటప్పుడు అంత పట్టు దొరకదు, బరువేమో పెరిగి ఉంటుంది. మీ బండికి నాలుగూ డ్రమ్ము బ్రేకులే, కాలి ఒత్తిడికి బలం చేర్చే బూస్టరు లేదు. కాబట్టి బూస్టరు పెట్టించండి. బూస్టరుకు కావలసిన వ్యాక్యూమ్ (గాలి పీల్చే శక్తి) డీజిల్ ఇంజన్‌కు దానంతట అది రాదు కాబట్టి ఆల్టర్నేటరు వెనక వ్యాక్యూమ్ పంపు ఉన్న సెట్టునే అడగండి. ఈ ఖర్చు ఆదా చేద్దామని షెడ్డువారు చెప్పినా వినకండి. లంబసింగి ఘాటును ఎక్కిన గేరులోనే దిగండి.

కొనేముందు ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడు, మీ ఎదుటే స్టార్టు చేయించండి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజన్ లోపాలను దాచుతుంది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ తన్నుకొస్తున్నా, నీలం పొగ ఆగకపోయినా బోరుకు వచ్చిందని అర్థం. ఆ ఇంజన్ తీసిన బండి ఆర్‌సీ నకలు, అమ్మకం బిల్లు, ఇంజన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ప్రింటు మూడూ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.