మోచేతికి ఐస్, ఎడమ చేత్తో అన్నం

ప్రశ్న: మాది గుంటూరు, డాలస్‌లో స్థిరపడ్డాం. మావాడికి పదహారేళ్లు, బేస్‌బాల్‌లో పిచర్, అంటే బంతి విసిరేవాడు. ఏడాది పొడవునా రెండు టీములకు ఆడుతున్నాడు. స్పీడ్ పెరగాలని ప్రత్యేకంగా కోచింగ్ కూడా పెట్టించాను. ఈమధ్య మోచేతికి ఐస్ పెట్టుకుని ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. కంప్యూటర్ సైన్స్ మేలా, బేస్‌బాలా? బేస్‌బాల్ ఆడిన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు) మన పల్లె నుంచే అమెరికా వెళ్లి గెలిచాడు కదా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల తల్లిదండ్రులూ ఇదే అడుగుతారు. కోర్సు పేరు రాస్తారు గానీ లోపలి భయం వేరే. ఆట కుదరకపోతే పిల్లాడు రెంటికీ చెడతాడేమోనని.

రింకూ సంగతి మీరు సగమే విన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని భదోహి ప్రాంతం వాడు, లారీ డ్రైవర్ కొడుకు, జావెలిన్ విసిరేవాడు. 2008లో బేస్‌బాల్ పిచర్ల కోసం మన దేశంలో పెట్టిన 'మిలియన్ డాలర్ ఆర్మ్' పోటీలో గంటకు 87 మైళ్ల వేగంతో బంతి విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. అప్పటిదాకా బేస్‌బాల్ అంటేనే తెలియదు. ఆ నవంబరులోనే అతనూ, అదే పోటీ నుంచి వచ్చిన దినేశ్ పటేల్ అమెరికా మేజర్ లీగ్ టీము పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు. పోటీకి వచ్చినవాళ్లు 37 వేల మందికి పైనే. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ పట్టువదలకుండా ఆడాడు, అయినా మేజర్ లీగ్‌కు చాలా కింద ఉండే సింగిల్-ఎ అంచె దాటలేదు. 2013 నుంచి గాయాలు, మోచేతికి ఆపరేషన్. మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయకుండానే బేస్‌బాల్ ముగిసింది. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరి, తర్వాత వీర్ మహాన్ పేరుతో కుస్తీ పట్టాడు. అతన్ని ఓడిపోయాడని నేను అనను. కానీ మీవాడికి చూపించాల్సిన దారి అది కాదు.

ఇప్పుడు అందరూ స్పీడ్ వెంట పడుతున్నారు. నాకు అదే నచ్చడం లేదు. పదహారేళ్లకు ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. అమెరికా బేస్‌బాల్ సంస్థలే 15, 16 ఏళ్ల పిల్లలకు రోజుకు 95 బంతులు మించవద్దని, 76 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలని, ఏడాదిలో నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ చేయవద్దని చెబుతున్నాయి. రెండు టీముల్లో ఆడితే ఈ లెక్క ఎవరు చూస్తున్నారు? ఒక కోచ్‌కు రెండో కోచ్ దగ్గర ఎన్ని వేశాడో తెలియదు. తెలియాల్సింది మీకు. మీ ఉత్తరంలో స్పీడ్ గురించి ఉంది, డాక్టర్ మాటే లేదు. పిల్లాడు కుడి చెయ్యి కదపలేక ఎడమ చేత్తో తింటుంటే అది మీకు అలవాటై పోయింది. తండ్రిగా ఇది తప్పండీ, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

డబ్బు మాట కూడా చెప్పాలి. కింది లీగుల ఆటగాళ్ల జీతాలపై 2023లో కుదిరిన ఒప్పందంలో కూడా సింగిల్-ఎ ఆటగాడి కనీస జీతం ఆ ఏడాదికి 26,200 డాలర్లే. అంతకు ముందు ఇంకా అన్యాయం.

అయినా టెన్షన్ పడకండి. కంప్యూటర్ సైన్స్ చదువుతూనే కాలేజీ టీముకు ఆడే పిల్లలు ఉన్నారు. ఈ రెండింట్లో ఒకదాన్ని ఇవాళే తేల్చాల్సిన పని లేదు. ఆట ఇరవై ఏళ్లకు ఆగినా వాడు ఎటూ కాకుండా పోడు. తెల్లవారుజామున లేచి ప్రాక్టీసుకు వెళ్లే పిల్లాడికి చదువుకునే ఓపికా ఉంటుంది. మీరు దగ్గర ఉన్నారన్న ధైర్యం ఉంటే చాలు.

ఈ వారమే ఎముకల డాక్టర్‌కు ఆ మోచేయి చూపించండి. ఆయన సరేననేదాకా రెండు టీములూ ఆపేయండి. డాక్టర్ ఏమన్నారో రాయండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.