నీళ్ళ గడిలో గీత

ఒసే తల్లీ,

నీ మొదటి రీసెర్చ్ పేపర్ వచ్చిందని, పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధనకి, అదే పోస్ట్‌డాక్‌కి, జర్మనీ పోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. పేపర్లో నీ పేరే ముందుందని విని వీధంతా చెప్పుకొచ్చాను, తీరా పడుకుంటే నిద్ర పట్టలేదు.

స్వెట్టర్లు అక్కడే కొనుక్కో. నోట్‌బుక్‌లో ఏ రోజుది ఆ రోజే రాయి. పేపర్లో ఎవరి పేరు ఎక్కడుంటుందో పని మొదలుపెట్టక ముందే అడుగు, మొహమాటపడకు. 1925లో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన భాస్వరం కొలిచే పద్ధతిని ఇప్పటికీ ఇద్దరి పేరుతోనే పిలుస్తున్నాం కదా.

ఇక మీ నాన్నకి కూడా తెలియని సంగతి ఒకటుంది. 1990ల చివర్లో ఇక్కడే తిరుపతిలో ఒక ల్యాబ్‌లో వేరుశనగకి వైరస్ వల్ల వచ్చే మొవ్వుకుళ్ళు తెగులు మీద పని చేసేదాన్ని. మీ తాత చేను రెండేళ్ళు వరసగా దానికే పోయింది, అందుకే అంత పట్టుదల. వైరస్ జన్యువు ముక్క ఏ కాస్త ఉన్నా పీసీఆర్ దాన్ని కోట్ల కాపీలు చేస్తుంది, ఆ కాపీలు జెల్ మీద గీతగా కనబడతాయి. అలా పీసీఆర్ పెట్టి జెల్ చూస్తే ఆకుల గడుల్లో గీతలు చక్కగా వచ్చాయి, కానీ కంట్రోల్‌గా వట్టి నీళ్ళు పోసిన, ఏ గీతా రాకూడని చివరి గడిలోనూ సన్నగా ఒకటుంది. తెల్లారితే గైడ్‌కి చూపించాలి. ఏం చేశానంటావా, పోలరాయిడ్ ఫొటోలో ఆ గడిని కత్తెరతో కత్తిరించేశాను. తర్వాత నాలుగు నెలలు ఏ ఆకు పెట్టినా వైరస్ ఉన్నట్టే వచ్చింది, నేనేమో సంబరపడ్డాను. చివరికి అనుమానమొచ్చి కపిలతీర్థం దారిలో వేపాకు తెంపుకొచ్చి పెడితే దానికీ గీత! వైరస్ జన్యువు ముక్కని అతికించిన ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ పనికీ, పీసీఆర్‌కీ చుక్కలు కొలిచే పిపెట్ ఒకటే వాడుతూ వచ్చాను మరి. సరిగ్గా రెట్టింపవుతూ పోతే 30 సైకిళ్ళలో ఒక్క ముక్క నూరు కోట్లు దాటుతుంది, పిపెట్ లోపల అంటుకున్న తుంపర చాలదూ! గైడ్ తిట్టలేదు. కత్తిరించిన ముక్క ఏదమ్మా అని మాత్రం అడిగారు, పారేశానని చెప్పలేక నిలబడిపోయాను.

నీకు ఇవన్నీ తెలుసు, కంట్రోల్ అంటే ఏంటో నాకే పాఠం చెప్తావు. కానీ మార్కులు తగ్గినప్పుడల్లా ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచిందానివి నువ్వు, నా భయమంతా అదే. నీళ్ళ గడిలో గీత కనబడిన రోజు, ఎంత రాత్రైనా సరే, ముందు మీ బాస్‌కి చెప్పి తర్వాత నాకు ఫోన్ చెయ్యి, ఏడవాలంటే నా దగ్గర ఏడుద్దువు.

రేణిగుంట విమానాశ్రయానికి నేనూ వస్తాను. చెనక్కాయల పొడి రెండు డబ్బాలు కడుతున్నా, బరువని తీసేశావంటే ఊరుకోను.

మీ అత్త