లోపలికి వెళ్ళి చూడు తల్లీ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు అక్టోబరు ఆఖర్లో నాగాయలంక వెళ్తున్నావనీ, సముద్రంలో ఏవో మీటర్లు దింపుతావనీ, తుపాను వస్తే ఆ తర్వాత ఊళ్ళు తిరిగి, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో తెలిసేలా గోడల మీది నీటి మరకలు కొలుస్తావనీ చెప్పింది. "నువ్వయినా వద్దని చెప్పన్నయ్యా" అంది. చెప్పనన్నాను. మా మేనకోడలు ఉప్పెన మీద పీహెచ్‌డీ చేస్తోందని వాకింగులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి, వద్దని ఏ మొహంతో చెప్పను? కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ అత్త లేచి లైటు వేసి, "ఆ పిల్లకి లేని టెన్షన్ నీకెందుకు, ఏదుంటే అది రాసి పంపు" అంది. అందుకే ఇది.

నీకు తెలిసినవి ముందు అయిపోనీ. స్పేర్ బ్యాటరీలు. నీళ్ళు లోపలికి దూరకుండా ఆపే ఓ-రింగులకు గ్రీజు. ప్రతి ఫొటోలో స్కేలు కనపడాలి. ఎత్తు రాసినప్పుడల్లా అది ఏ మట్టం నుంచో పక్కనే రాయి. పోర్టు చార్టులో సున్నా వేరు, సర్వే వాళ్ళ సగటు సముద్ర మట్టం వేరు. ప్రెషర్ సెన్సరు నీళ్ళలో దింపి ఊరుకోకు, ఒడ్డున ఒక బారోమీటరు పెట్టు. సెన్సరు నీటి బరువుతో పాటు పైనున్న గాలి బరువునీ కలిపి తూస్తుంది. తుపానులో గాలి పీడనం ఒక మిల్లీబారు పడితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుంది, ఆ లేచింది సెన్సరుకి కనపడదు. ఒకటి పెరిగి ఒకటి తగ్గి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. ఇవన్నీ మీ గైడు చెప్పే ఉంటారు.

పడవ సంగతి మాత్రం మీ గైడు చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు విను. కెరటాలు విరిగే చోటు దాటేటప్పుడు పడవ నడిపే సరంగు ఇంజను జోరు తగ్గించి ఊరికే నీళ్ళకేసి చూస్తూ ఉంటాడు. అప్పుడు మాట్లాడించకు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, వాటి వెనక కాసేపు నెమ్మదిస్తుంది, ఆ సందు కోసం చూస్తున్నాడన్నమాట. ఈ రోజు వద్దమ్మా అంటే వెనక్కి వచ్చెయ్. సెన్సరు పోతే ఇంకోటి కొనుక్కుంటారు. ఇంకోటి, నువ్వు గ్రూపులో పెట్టిన ఫొటోలో లైఫ్ జాకెట్ వదులుగా వేలాడుతోంది. బకిల్ కూడా పెట్టుకోలేదు. జూమ్ చేసి చూశాను. బుద్ధి ఉందా నీకు? ఇంత చదువు చదివి!

తిడుతున్నానని అనుకోకు. 1977లో నాకు ఇరవయ్యేళ్ళు. నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చిన నాలుగో రోజున కాలేజీ కుర్రాళ్ళం కొందరం అవనిగడ్డ మీదుగా దివిసీమ పల్లెల్లోకి నడిచివెళ్ళాం. పది రోజులు నేను మోసింది మంచినీళ్ళ క్యాన్లే. ఊళ్ళో బావులున్నాయి, అన్నిట్లోనూ ఉప్పునీళ్ళు. మిగతాది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు, నీకూ చెప్పను. పది వేల మందికి పైగా పోయారని లెక్కల్లో ఉంది కదా, అది చాలు. ఇన్నేళ్ళూ నన్ను తొలిచింది ఒకటే: తుపాను తీరం దాటింది చీరాల దగ్గర, మునిగింది దివిసీమ. తుపాను వచ్చే దారికి కుడి పక్కన గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుందని తర్వాత చదువుకున్నాను. ఆ ఊళ్ళవాళ్ళకి ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బావుండేదనుకునే ఈ ఉప్పెనలు కొలిచే ఉద్యోగంలో చేరాను.

చేరి ఏం చేశానో కూడా విను.

1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర తుపాను తీరం దాటింది. వారం తర్వాత మరకలు కొలవమని నన్ను పంపారు. నాగాయలంక అవతల ఒక పల్లె. జీపు, ఎత్తులు చూసే డంపీ లెవెల్, ఇద్దరు హెల్పర్లు, నా నెత్తిన బోలెడు గర్వం. ఊరి చివర, సముద్రం వైపు గోడ మీద చక్కటి మరక దొరికింది. నా తలకంటే పైన బురద చార, దానికి అంటుకుని ఎండిన గడ్డిపోచలు. కొలత కర్ర నిలబెట్టాం, చదివాం, రాసుకున్నాం. ఆ ఇంటి ముసలమ్మ గుమ్మంలో నిలబడి, "లోపలికి రా నాయనా, నీళ్ళు ఎందాకా నిలిచినాయో చూపిస్తా" అంది. బూట్ల నిండా బురద, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, చీకటి పడేలోగా ఇంకో రెండు ఊళ్ళు చూడాలి. మళ్ళీ వస్తాను మామ్మా అన్నాను.

మిగతా ఊళ్ళలో మూడు మరకలు దొరికాయి, మూడూ ఇళ్ళ లోపలివే. ఆఫీసుకొచ్చి లెక్క వేస్తే ఆ మూడూ తక్కువ, నా గోడ మరక ఒక్కటే ఎక్కువ. నేనేం చేశానో తెలుసా? ఆ మూడూ తప్పు మరకలని కొట్టేశాను. మా కంప్యూటర్లో లెక్క రాత్రంతా నడిచేది. నా గోడ మరక దాకా నీళ్ళు వచ్చేవరకు, గాలి నీటిని లాగే గుణకాన్ని పెంచుకుంటూ పోయాను. చివరికి అంకెలు అతికినట్టు కుదిరాయి. రిపోర్టు వెళ్ళింది. పైవాళ్ళు భుజం తట్టారు.

రెండేళ్ళ తర్వాత వేరే పని మీద అటు వెళ్ళి ఆ ఇంటి ముందు ఆగాను. గోడలకి కొత్త సున్నం. ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఆ రోజే రమ్మన్నాను కదా" అంటూ లోపలికి తీసుకెళ్ళి ట్రంకు పెట్టె జరపమంది. పెట్టె వెనక సున్నం వెయ్యలేదు. అక్కడ నా నడుము దగ్గర, దారం పట్టి గీసినట్టు ఒక గీత. లోపల నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి, అది ఉప్పెన. బయట గోడ మీద నేను కొలిచింది, ఆ నీటి మీద లేచి గోడకి కొట్టుకున్న కెరటం ఎగజిమ్మిన బురద. మూడడుగులు తేడా. ఆవిడ మంచినీళ్ళిచ్చింది, తాగలేకపోయాను.

విశాఖలో అయితే అదొక రకం. ఒడ్డు పక్కనే లోతు; 2014లో హుద్‌హుద్ నేరుగా ఆ ఊరి మీదికే వచ్చినా అక్కడ సముద్ర మట్టం కొలిచే టైడ్ గేజి చూపిన ఉప్పెన 1.4 మీటర్లే. మన వైపు సముద్రం లోతు తక్కువ, గాలి తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి జారే వీలుండదు. నేల చూస్తే పళ్ళెం. ఇక్కడ మూడడుగులంటే నీరు ఎన్ని ఊళ్ళు దాటుతుందో, కరకట్ట ఎంత ఎత్తు ఉండాలో అంతా మారిపోతుంది. తిరిగొచ్చిన వెంటనే చెప్పాల్సింది, నాలుగు నెలలు నోరు విప్పలేదు. ప్రమోషన్ లిస్టు దగ్గరపడింది, అదీ కారణం. ఆ తర్వాత సవరణ రాసిచ్చాను. పాత అంకె మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా కనపడుతూనే ఉంటుంది, చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది.

కాబట్టి బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికి వెళ్ళు. ఆ ఇంటి ఆడవాళ్ళనే అడుగు. బియ్యం డబ్బా తడిసిందా, పొయ్యి మునిగిందా, పిల్లల్ని దేని మీదికి ఎక్కించారు అని అడిగితే నీళ్ళెంత వచ్చాయో వాళ్ళే చెప్తారు. బయటి మరక కూడా తీసుకో, అది కెరటం లెక్కకి పనికొస్తుంది, కానీ రెండూ ఒకే కాలమ్‌లో వెయ్యకు. నీ మోడల్‌కి సరిపోని మరకని కొట్టేసే ముందు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

మీ అత్త సున్నుండలు చేస్తోంది, బస్సులో పంపుతాను. డబ్బా గట్టిగా మూసిపెట్టుకో, ఆ ఉప్పుగాలికి రెండు రోజుల్లో మెత్తబడిపోతాయి.

పడవ ఒడ్డుకి చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. నేను ఎత్తను. ఫోన్ మోగితే చాలు.

మీ మావయ్య