మూడో ప్రైజు 2,86,000 సరే, చేతిలో మిగిలింది ఎంత?

ప్రశ్న: నా వయసు 29. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నాలుగేళ్లుగా ఒకే కంపెనీ, చేతికి 82,000 వస్తుంది. ఇంటి ఖర్చు 45,000. 2025 ఫిబ్రవరి, మార్చిలో బెంగళూరులో ఉన్నప్పుడు ఒక ఆన్‌లైన్ పోకర్ సిరీస్ మూడు వారాలు ఆడాను. ఒక టోర్నమెంటులో మూడో స్థానం వచ్చింది. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నాను. వీపీఎన్ (మనం ఉన్న చోటు కనిపించకుండా చేసే యాప్) పెట్టుకుని యూఎస్‌డీటీతో (డాలరుతో ముడిపడిన క్రిప్టో నాణెం) విదేశీ సైట్లలో ఆడొచ్చని స్నేహితుడు అంటున్నాడు. పీఎఫ్‌లో ఉన్న 3,40,000 తీసి, ఏడాదిపాటు ఉద్యోగం మానేసి ఆడాలని ఉంది. కార్డు బాకీ 1,18,000 ఉంది. నెలకు 10,000 చొప్పున 2 లక్షల చీటీ కడుతున్నాను, 9 నెలలైంది. ఆ గెలుపు రిటర్నులో చూపించలేదు. నేను ఆడిన రెండు సైట్ల స్టేట్‌మెంట్లు పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన స్టేట్‌మెంటునే ముందు చూద్దాం. సిరీస్‌లో 46 టోర్నమెంట్లు ఆడారు, కానీ ఎంట్రీలు 71. ఒక్కో ఎంట్రీ 2,200. అందులో 2,000 ప్రైజు పూల్‌కు, 200 సైటు ఫీజుకు పోతాయి. మొత్తం పెట్టింది 1,56,200. డబ్బులొచ్చింది 8 సార్లు. మూడో ప్రైజు 2,86,000, మిగతా ఏడూ కలిపి 31,400. అంటే వచ్చిన ప్రతి 100 రూపాయల్లో 90 ఒక్క రాత్రిలో వచ్చినవే. ఆ రాత్రి ప్రైజుల దాకా చేరకముందే ఒక్క ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టడం) తిరగబడి ఉంటే మూడు వారాలకు 1,24,800 నష్టం.

ఇది మీ ఆట తప్పు కాదు, టోర్నమెంటు పద్ధతే అంత. ఆడినవాళ్లలో 100కు 12–15 మందికే డబ్బు వస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి దక్కేది ఎంట్రీకి ఒకటిన్నర, రెండు రెట్లే. పెద్ద మొత్తమంతా చివరి టేబుల్ దగ్గరే పోగవుతుంది. బాగా ఆడేవాళ్లు కూడా వందల టోర్నమెంట్లపాటు నష్టంలో ఉండటం మామూలే. 46 టోర్నమెంట్లతో మీకు ఆట వచ్చో రాదో ఎవరూ తేల్చలేరు, మీరు కూడా.

అయితే ఒక తప్పు మాత్రం మీదే. మీరు వేసుకున్న బడ్జెట్ 46 ఎంట్రీలకు, అంటే 1,01,200. పైనున్న 25 ఎంట్రీలూ రీ-ఎంట్రీలే (ఓడిపోయాక మళ్లీ డబ్బు కట్టి అదే టోర్నమెంటులోకి రావడం), వాటి ఖర్చు 55,000. ఆ 25లో డబ్బు తెచ్చినవి రెండే, అవీ కనీస ప్రైజులు. టైమింగులు చూస్తే చాలావరకు లేట్ రిజిస్ట్రేషన్ (ఆట మొదలయ్యాక కూడా చేరనిచ్చే గడువు) మూసే ముందు పావుగంటలో కొన్నవి. అప్పటికి బ్లైండ్లు (ప్రతి పంపకంలో ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందాలు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్) పెరిగిపోయి, కొత్తగా ఇచ్చే చిప్స్ 20 బిగ్ బ్లైండ్లకు కూడా రావు. అందరితో సమానంగా 2,200 కట్టి, ఎత్తులు వేసే చోటు లేకుండా కూర్చోవడమన్నమాట.

ఇక పన్ను. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ ఉంది. ఏడాదిలో తీసుకున్న మొత్తం, ఖాతాలో మిగిలింది కలిపి, అందులోంచి మీరు వేసిన డబ్బు, మొదట ఉన్న నిల్వ తీసేస్తే నికర గెలుపు వస్తుంది. మీరు వేసింది 1,60,000, ఆఖరికి ఖాతాలో ఉన్నది 3,21,200. నికరం 1,61,200. సైటు పట్టుకున్నది 48,360. 4 శాతం సెస్సు కలిపితే అసలు పన్ను 50,294. ఇంకా కట్టాల్సింది 1,934.

అదే ఏడాది రెండో సైట్లో 90,000 వేసి 14,000 వెనక్కి తీసుకున్నారు. ఆ 76,000 నష్టాన్ని మొదటి సైటు గెలుపులోంచి తీసేయడం కుదరదు. పాఠకుల ఉత్తరాల్లో చాలామంది పొరపడేది ఇక్కడే. గెలుపుకు పన్ను, ఓటమికి ఏమీ లేదు.

ఇప్పుడు కలిపి చూడండి. 1,61,200లోంచి 76,000, 50,294 తీసేస్తే 34,906. రెండో సైట్లో వేసిన 90,000 క్రెడిట్ కార్డుదే. అది వడ్డీతో 1,18,000 అయింది కనుక ఆ 28,000 కూడా తీసేయాలి. మిగిలింది 6,906. రాత్రికి 6 గంటల చొప్పున 21 రాత్రులు ఆడారు. గంటకు 55 రూపాయలు పడింది. రెండో సైట్లో గడిపిన రాత్రులు ఈ లెక్కలో లేవు.

స్నేహితుడి సలహా సంగతి. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపునూ తీసేసింది. రాష్ట్ర చట్టంలో ఆడినవాళ్లూ నేరస్తులే. బెంగళూరులో ఆడిన ఆట కూకట్‌పల్లిలో ఆడలేరు, అంతే. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దేశంలోని పెద్ద సైట్లు డబ్బు ఆటలు ఆపేసింది అందుకే. విదేశాల నుంచి నడిపే సైట్లకూ ఆ చట్టం వర్తిస్తుంది. వీపీఎన్ పెట్టినంత మాత్రాన మీ ఊరు మారదు.

చట్టం పక్కన పెట్టి చూసినా, దెబ్బ తగిలేది బ్యాంకు దగ్గర. గెలిచిన యూఎస్‌డీటీని రూపాయలు చేసుకోవాలంటే ముక్కూ మొహం తెలియనివాడికి అమ్మాలి, వాడు మీ ఖాతాకు డబ్బు పంపుతాడు. అది ఎక్కడో సైబర్ మోసంలో పోగొట్టుకున్నవారి సొమ్మైతే, వాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసిన తర్వాత ఆ డబ్బు నడిచిన ఖాతాలన్నీ వరసగా ఆగుతాయి. మీది జీతం ఖాతా అయితే ఒకటో తారీఖున జీతం పడుతుంది, అద్దె కట్టడానికి మాత్రం రాదు. దాన్ని విడిపించుకోవడానికి ఫిర్యాదు నమోదైన రాష్ట్రం పోలీసులతో మాట్లాడుకోవాలి. ఆ డబ్బు ఎలా వచ్చిందని వాళ్లు అడిగితే మీ దగ్గర చెప్పుకోదగ్గ జవాబు ఉండదు.

పీఎఫ్ ముట్టుకోకండి. 2024-25కు దాని వడ్డీ 8.25 శాతం. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, మీకు నాలుగేళ్లే. 150 ఎంట్రీలకు సరిపడా బ్యాంక్‌రోల్ (ఆటకు పక్కన పెట్టే డబ్బు) అని మీరు వేసిన లెక్క కాగితం మీద సరే: 2,200 చొప్పున 3,30,000. కానీ జీతం ఆగితే ఇంటి ఖర్చు 45,000 అందులోంచే పోవాలి. అంటే పేకముక్క పట్టకుండానే నెలకు 20 ఎంట్రీలు కరిగిపోతాయి. అందరూ ఉదాహరణగా చెప్పే పోకర్ ఆటగాడు క్రిస్ మనీమేకర్ 2003లో 86 డాలర్ల శాటిలైట్ (పెద్ద టోర్నమెంటుకు ప్రవేశం గెలుచుకునే చిన్న టోర్నమెంటు) గెలిచి, ప్రపంచ పోకర్ సిరీస్ మెయిన్ ఈవెంట్లో 25 లక్షల డాలర్లు కొట్టిన మాట నిజం. అక్కడ కూర్చున్నది 839 మంది. మిగతా 838 మందిలో ఎవరి పేరైనా గుర్తుందా?

కార్డు బాకీయే ఇప్పుడు అసలు పని. నెలకు 3.5 శాతం వడ్డీ 4,130, దాని మీద 18 శాతం జీఎస్టీ 743. నెలకు దాదాపు 4,870 ఊరికే పోతోంది. ఈ నెల చీటీ పాటకు వెళ్లండి. ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడు) కమీషను 7 శాతం దాకా ఉండొచ్చు కనుక, చివరిదాకా ఆగినా మీకొచ్చేది 1,86,000. 25,000 తగ్గించి పాడితే ఇప్పుడే 1,75,000 వస్తుంది, తేడా 11,000 మాత్రమే. కార్డు తీర్చగా మిగిలే 57,000ను అత్యవసర నిధిగా ఎఫ్‌డీలో వేయండి. 25,000 దాటి పాడొద్దు. అంతకు మించితే కార్డు బాకీని 12 నెలల ఈఎంఐగా మార్చుకోవడమే చవక: 16 శాతానికి నెలకు 10,706, మొత్తం వడ్డీ 10,500 లోపు, జీఎస్టీ అదనం. 45,000 ఖర్చు, 10,000 చీటీ పోగా మీ జీతంలో 27,000 ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎత్తిన చీటీకి జామీనుదారుల జీతం స్లిప్పులు అడుగుతారు. పాటకు ముందే ఇద్దరిని అడిగి పెట్టుకోండి, లేకపోతే పాడిన చీటీ డబ్బు చేతికి రావడానికి వారాలు పడుతుంది.

రిటర్ను విషయం భయపడినంత లేదు. ఐటీఆర్-1లో ఈ ఆదాయం చూపించడానికి వీల్లేదు, మీరు వేసింది అదే. టీడీఎస్ ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరుండే మీ ఏడాది లావాదేవీల పట్టిక) కనిపిస్తోంది కాబట్టి నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. ఐటీఆర్-2తో అప్‌డేటెడ్ రిటర్ను (గడువు దాటాక సరిదిద్ది వేసేది) వేయండి. 2027 మార్చి 31 లోపు అయితే అదనపు పన్ను 25 శాతం. 1,934 మీద అది 484, మొత్తం 2,418. అంతకన్నా ముందు రెండు సైట్ల నుంచీ డిపాజిట్లు, విత్‌డ్రాయల్సు, టోర్నమెంటు హిస్టరీ దింపుకోండి. సైటు పూర్తిగా మూతపడితే ఆ ఫైళ్లు మళ్లీ దొరకవు. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయడం మరిచిపోకండి, అది చేయకపోతే వేయనట్టే.