సముద్రం పక్కన పొదల దారిలో, రెండు కుక్కలతో

ప్రశ్న: మేం ఆస్ట్రేలియాలోని వొల్లొంగాంగ్‌లో ఉంటాం. మా కావూడుల్ జాతి కుక్కకి రెండేళ్లు. నాతో పనిచేసే స్నేహితురాలి దగ్గర కెల్పీ (గొర్రెల్ని కాసే జాతి కుక్క) ఉంది. అక్టోబరులో ఒక ఆదివారం రెండింటినీ తీసుకుని ఓట్‌ఫర్డ్ వైపు నుంచి తీరం వెంబడి బుష్ వాక్‌కి, అంటే పొదల దారిలో నడకకి, వెళ్దామంటోంది. తన కుక్క పిలవగానే వచ్చేస్తుందట, లీష్ (పట్టుకునే తాడు) అక్కర్లేదంటుంది. మావారికి పాముల భయం, అసలే వద్దంటున్నారు. నాకేమో వెళ్లాలని ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండమ్మా. తప్పకుండా వెళ్లండి. ఆ దారిన మాత్రం వద్దు.

ఓట్‌ఫర్డ్, బండీనాల మధ్య ఉన్న 26 కిలోమీటర్ల కోస్ట్ ట్రాక్ రాయల్ నేషనల్ పార్కులోది. 1879లో ఏర్పడిన పార్కు అది. మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో నేషనల్ పార్కుల్లోకీ, నేచర్ రిజర్వుల్లోకీ పెంపుడు కుక్కల్ని రానివ్వరు. లీష్ వేసినా అంతే. స్టేట్ ఫారెస్టుల్లో చాలావాటిలో, కొన్ని రీజనల్ పార్కుల్లో, స్థానిక కౌన్సిల్ చేతిలో ఉన్న దారుల్లో మనకి చోటుంది. చిక్కేమిటంటే, ఒకే దారి మధ్యలో చేతులు మారుతుంది. సిడ్నీలో స్పిట్ బ్రిడ్జి నుంచి మ్యాన్లీకి పోయే దారే చూడండి. సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. కౌన్సిల్ భాగంలో లీష్‌తో నడవచ్చు, నడుమ నేషనల్ పార్కు భాగంలో నడవకూడదు. అందుకని బయల్దేరే ముందు రోజే ఆ దారి ఎవరిదో మొదటినుంచి చివరిదాకా చూసుకోండి. సగం దూరం నడిచాక బోర్డు కనబడితే వెనక్కి తిరగడానికి ఎవరికీ మనసొప్పదు.

మీవారి భయం నిజమైన భయమే, కొట్టిపారేయను. అక్టోబరుకి ఎండ పదునెక్కుతుంది, రెడ్ బెల్లీడ్ బ్లాక్, ఈస్టర్న్ బ్రౌన్ పాములు దారి మీదికొచ్చి పడుకుంటాయి. కానీ పద్దెనిమిదేళ్లుగా ఈ దక్షిణ తీరంలో కుక్కలతో నడుస్తున్నాను. నన్ను ఏడిపించింది పాము కాదు, పిడుదు.

మా కుక్క పేరు చిట్టి, టెర్రియర్ జాతి కలిసిన పిల్ల. ఒక అక్టోబరులో, మా స్నేహితురాలూ ఆమె లాబ్రడారూ మేమూ కలిసి బీచ్ వెనక టీట్రీ పొదల్లోంచి వెళ్లే దారిలో నడిచొచ్చాం. ఇంటికొచ్చి స్నానం చేయించాను, అంతా బాగానే ఉంది. నాలుగో రోజు పొద్దున పోస్టు వచ్చినప్పుడు మొరిగింది. ఆ మొరుగు చిట్టిది కాదు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు, గాలి ఎక్కువా శబ్దం తక్కువా. అరిచి అరిచి గొంతు పోయిందనుకున్నాను. సాయంత్రం వంటింటి నేల మీద వెనక కాళ్లు పక్కకి జారాయి. లేచింది, మళ్లీ జారాయి. స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి మాట: "గొంతు మారిందా?" ఇద్దరం వెతికితే చెవి వెనక మడతలో దొరికింది. బూడిదరంగు నీలం కలిసిన ఒళ్లు, శనగగింజంత. కాళ్లన్నీ తలకి దగ్గరగా ఉన్నాయి.

ఇక్కడివాళ్లు పారాలిసిస్ టిక్ అంటారు. ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడుగునా ఉంటుంది, వసంతంలో, అంటే ఇక్కడ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, మరీ ఎక్కువ. బాండికూట్ లాంటి అడవి జంతువుల మీద బతుకుతుంది, వాటికి మామూలుగా ఏమీ కాదు. కుక్కకి మాత్రం దాని లాలాజలంలోని విషం నరాల పని ఆపేస్తుంది. కరిచిన మూడు నాలుగు రోజులకి గానీ బయటపడదు కాబట్టి ఆదివారం నడకకీ గురువారం జబ్బుకీ మన బుర్ర ముడిపెట్టదు. పీకేశాం కదా, అయిపోయిందనీ అనుకోకూడదు. తీసేశాక కూడా ఒకటి రెండు రోజులు ముదరవచ్చు. మింగే శక్తి పోయి తిండీ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అందుకే ఏమీ పెట్టకుండా, చల్లగా, కదలనీయకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చిట్టికి యాంటీసీరం (విషానికి విరుగుడు) ఎక్కించారు, మూడు రాత్రులు అక్కడే ఉంచారు. నాలుగో రోజు ఇంటికొచ్చి గుమ్మంలో ఒక్కసారి మొరిగింది, తన గొంతుతో. ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

కాబట్టి ఈ నెలలోనే మీ పశువైద్యుల దగ్గరికి వెళ్లి పిడుదులకిచ్చే నమిలే మాత్ర మొదలుపెట్టండి. నెలకోసారివి ఉన్నాయి, కొన్ని నెలలకోసారివీ ఉన్నాయి. మాత్ర వేశాం కదా అని వెతకడం మానకండి. కావూడుల్ బొచ్చు ఉంగరాలు తిరిగి ఉంటుంది, కళ్లతో చూస్తే ఏమీ కనబడదు. ఈ కాలమంతా పొట్టిగా కత్తిరించి ఉంచండి. కళ్లు మూసుకుని, వేళ్ల కొసలతో, చర్మాన్ని తాకుతూ వెతకండి. ముక్కు నుంచి మొదలుపెట్టి పెదవుల మడతలు, చెవుల లోపల, మెడపట్టీ తీసేసి దాని కింద, చంకలు, వేళ్ల సందులు. తలా మెడా భుజాల దగ్గరే ఎక్కువగా దొరుకుతాయి, కానీ తోక కింద కూడా చూడండి. గడ్డి ముళ్లు గుచ్చుకున్నా ఈ వెతుకులాటలోనే చేతికి తగులుతాయి.

ఇక మీ స్నేహితురాలి లీష్ సంగతి. కెల్పీ తెలివైనదే, పిలిస్తే వస్తుందన్న మాటా నమ్ముతాను. కానీ రెండు కుక్కలు కలిస్తే ఒకటి పరిగెత్తగానే రెండోది వెంటబడుతుంది, అప్పుడు పిలుపు ఏ చెవికీ వినబడదు. చిన్న కంగారూ లాంటి వాలబీ వాసన తగిలిందా, ఇంక చెప్పనక్కర్లేదు. పైగా తీరంలో హూడెడ్ ప్లోవర్ అని ఒక చిన్న పిట్ట ఉంది. ఈ రాష్ట్రంలో తీవ్రంగా అంతరించిపోయే దశలో ఉంది. అలలు చేరే గీతకి కాస్త పైన ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెడుతుంది. ఇసుక రంగే, మచ్చలతో. కాలి పక్కనే ఉన్నా మనకి కనబడవు. కుక్కని చూడగానే తల్లి గూడు వదిలి దూరంగా పరిగెడుతుంది, ఆ కాసేపట్లో గుడ్లు ఎండకి మాడిపోతాయి. కుక్క వాటిని ముట్టుకోనే అక్కర్లేదమ్మా. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

మరో సంగతి. నక్కల కోసం 1080 అనే విషం కలిపిన మాంసం ముక్కలు అడవుల్లో పెడతారు. కుక్కకి కొంచెం చాలు, దానికి విరుగుడు మందు లేదు. విషం పెట్టామన్న బోర్డు కనబడితే ఆ దారి వదిలేయండి. ఎంత దూరం వచ్చినా సరే.

ఆమెతో ఇవన్నీ నిష్ఠూరంగా కాకుండా ముందే మాట్లాడుకోండి. "మా దానికి ఇదే మొదటి బుష్ వాక్, ఇద్దరం లీష్‌తోనే నడుద్దామా?" అంటే ఎవరూ కాదనరు. రెండు మీటర్ల మామూలు లీష్ చాలు. సాగే తాడుది ఇరుకు దారిలో రెండు కుక్కలకీ చుట్టుకుంటుంది. కెల్పీని ముందు నడవనివ్వండి, అది వెనకుంటే తోసుకుంటూ వస్తుంది.

నీళ్లు మీకు పట్టుకెళ్లినన్ని దానికీ పట్టుకెళ్లండి, దాహమైతే ఉప్పునీళ్లు తాగేసి వాంతులు చేసుకుంటుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఉబ్బిన చేప ఏదైనా కనబడితే దూరంగా లాగేయండి, టోడ్ ఫిష్ విషం ప్రాణం తీస్తుంది.

పాము కాటేసిందని అనుమానం వచ్చినా అడుగు వేయనివ్వకండి, ఎత్తుకోండి. కుక్క కూలబడి, వెంటనే లేచి మామూలుగా తిరిగితే గండం గడిచిందని నమ్మకండి. అది పెద్ద కాటుకి గుర్తు కావచ్చు. అప్పుడు ఒకరు కుక్కని మోయాలి, ఇంకొకరు రెండో కుక్కని పట్టుకుని ఆసుపత్రికి ఫోన్ చేయాలి. స్నేహితురాలు తోడుండటం ఎందుకు మంచిదో మీవారికి ఈ మాట చెప్పండి. ఆదివారం తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో శనివారమే కనుక్కుని నంబరు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

తిరిగొచ్చాక మేం చేసే పని ఒకటుంది. కారెక్కే ముందు నేను నా స్నేహితురాలి లాబ్రడారుని వెతుకుతాను, ఆమె చిట్టిని వెతుకుతుంది. మన కుక్క ఒంటి మీది గడ్డలన్నీ మనకి అలవాటైపోయి వేళ్లు దాటేస్తాయి, కొత్త వేళ్లు ఆగుతాయి. ఇంట్లో మాత్రం సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ రాత్రి మీరే వెతకాలి. దాని మొరుగు ఎలా ఉందో కూడా వినండి.