ముందు పాతర సంగతి చూడు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. అమెరికాలో, నార్త్ డకోటా రాష్ట్రపు బిస్మార్క్ ఊళ్ళో పెట్రోల్ బంకులో పనిచేసే పిల్ల చిల్లర లెక్కపెడుతూ "మాది న్యూ టౌన్" అనే పేరా బాగుంది. అక్కడ కాస్త సర్దుకుని కూర్చున్నాను. నువ్వేమో ఆ పిల్లను కౌంటర్ దగ్గరే వదిలేసి కొండెక్కేశావు. కొండ మీద గుర్రం, గుర్రం మీద ముసలాయన, తలకు ఈకల కిరీటం, అస్తమించే సూర్యుడు, ఆయన చెంప మీద కన్నీటి చుక్క. పైగా "అంతరించిన జాతిలో చివరివాడు" అని నీ వ్యాఖ్య. ఒళ్ళు మండింది.

ఎవరమ్మా అంతరించింది? నీకు చిల్లర ఇచ్చిన పిల్ల ఎవరు మరి?

ఆ న్యూ టౌన్ అనే ఊరు ఎలా పుట్టిందో కనుక్కున్నావా? 1953లో మిస్సోరీ నది మీద గ్యారిసన్ డ్యామ్ మూసేశారు. ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లో, అంటే అక్కడి ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతంలో, లక్షా యాభై వేల ఎకరాలకు పైగా నీళ్ళ కిందికి పోయింది. అందులో నది ఒడ్డు ఒండ్రు నేలలున్నాయి. మాండాన్, హిదాత్సా, అరికారా తెగలవాళ్ళు తరతరాలుగా పండించుకున్న నేలలు. ఎల్బోవుడ్స్ అనే ఊరు బడితో, ఆసుపత్రితో సహా మునిగిపోయింది. జనం మెరక మీదికి, చలిగాలిలోకి చేరారు. న్యూ టౌన్ అలా వెలిసింది. ఆ జలాశయానికి సకకవియా పేరు పెట్టారు. హిదాత్సాల ఊళ్ళో బతికిన మనిషి పేరే! పొలాలు ముంచి పేర్లు పెట్టడం ప్రభుత్వాలకు ఎక్కడైనా అలవాటే. 1948లో వాషింగ్టన్‌లో ఆ భూముల ఒప్పందం మీద సంతకాలు జరుగుతుంటే, తెగల కౌన్సిల్ అధ్యక్షుడు జార్జ్ జిలెట్ ముఖం చేత్తో కప్పుకుని ఏడుస్తున్న ఫొటో ఒకటుంది. ఆయన ఎందుకు ఏడ్చాడో లోకానికంతా తెలుసు. నీ ముసలాయన ఎందుకు ఏడుస్తున్నాడో నీకైనా తెలుసా?

నేను చెప్పేది ఒకటే. ఒక జనం గురించి రాయాలంటే వాళ్ళు ఏం తిన్నారో, తిండిగింజలు ఎక్కడ దాచుకున్నారో ముందు తెలుసుకో. ఏడుపు సంగతి తర్వాత. దీన్ని నా పిచ్చి అంటుంటారు. అననీ.

గుర్రాలు, తోలు గుడారాలు, బైసన్ అనే అడవిదున్నల వేట అబద్ధమని కాదు. లకోటా, షయాన్, క్రో తెగలవాళ్ళు అలాగే బతికారు. కాకపోతే ఆ గుర్రం కూడా ఉత్తర మైదానాలకు బయటి నుంచి వచ్చిందే. నీ కథ జరిగేది బిస్మార్క్‌లో. నది దాటి వెళితే మాండాన్ల పాత ఊరు ఆన్-ఎ-స్లాంట్ ఉంది, మట్టి ఇళ్ళు కొన్ని మళ్ళీ కట్టి పెట్టారు. వీళ్ళు రైతులు. ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవి. చుట్టుపక్కల తెగలు మాంసం, తోళ్ళు తెచ్చి ఇచ్చి వీళ్ళ మొక్కజొన్న పట్టుకెళ్ళేవి. 1804 చలికాలంలో ఇంకాస్త ఎగువన మాండాన్ల ఊళ్ళ దగ్గర మకాం వేసిన లూయిస్, క్లార్క్ అనే అమెరికన్ అన్వేషకుల దండు కూడా కమ్మరి చేత గొడ్డళ్ళు చేయించి ఇచ్చి ఆ గింజలే తిన్నది.

1837 వేసవిలో స్టీమర్‌తో పాటు మశూచి వచ్చింది. పదహారు వందల మంది దాకా ఉన్న మాండాన్లలో నూట యాభై మంది కూడా మిగల్లేదు. మిగిలినవాళ్ళు తర్వాత హిదాత్సాలతో కలిసి నది ఎగువన లైక్-ఎ-ఫిష్‌హుక్ అనే ఊరు కట్టుకుని మళ్ళీ విత్తారు. ఆ విత్తనం ఎవరు దాచారు, ఎలా దాచారు? కథ అక్కడుంది.

దానికి జవాబు చెప్పిన మనిషి కూడా ఉంది. హిదాత్సా స్త్రీ, బఫెలో బర్డ్ ఉమన్. మశూచి తర్వాత రెండు మూడేళ్ళకు పుట్టింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆవిడ చెబుతుంటే కొడుకు గుడ్‌బర్డ్ తర్జుమా చేశాడు, గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడు రాసుకున్నాడు, 1917లో పుస్తకంగా అచ్చయింది. అందరికంటే ముందు పొలం అంచున పొద్దుతిరుగుడు వేస్తారట. అడవి గూస్‌బెర్రీ పొద ఆకు తొడిగితే మొక్కజొన్న వేళ అయినట్టు. బైసన్ భుజం ఎముకను కర్రకు కట్టి పార చేసుకుంటారు. మొక్కజొన్నలో తొమ్మిది రకాలు చెప్పింది. ఆడపిల్లలు మంచె ఎక్కి కాకుల్ని తోలుతూ పైరుకు పాటలు పాడేవాళ్ళు. బిడ్డలకు తల్లి పాట నచ్చినట్టే పైరుకూ నచ్చుతుందని వాళ్ళ నమ్మకం. ఇక నేలలో గింజలు దాచే పాతర! కూజాలా పైన ఇరుకు, లోపల వెడల్పు, దిగాలంటే నిచ్చెన కావాలి. ఎండుగడ్డి పరిచి, గోడల వెంట జడలల్లిన కంకులు పేర్చి, మధ్యలో గింజలు పోస్తారు. తేమ తగిలితే చెడిపోతాయని ఎండు గుమ్మడి దండలు నట్టనడుమ దాస్తారు. మూత పెట్టి మట్టి కప్పి, శత్రువు పసిగట్టకుండా పైన బూడిద, చెత్త చల్లుతారు.

ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మాదీ ముంపు ఊరే, శ్రీశైలం కింద పోయింది. నా మొదటి కథలో మా ఇంటి జొన్నల పాతర గురించి చాలా రాశాను. మూత తీయగానే దిగకూడదు, లోపలి ఆవిరి మనిషిని చంపేస్తుంది, దీపం దించి ఆరలేదని చూసుకున్నాకే దిగాలి. ఒక వారపత్రిక సంపాదకుడు అదంతా కొట్టేసి, "వ్యవసాయ శాఖ కరపత్రంలా ఉంది, తల్లి ఏడుపు పెంచండి" అని రాసి పంపాడు. పెంచలేదు. కథ ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో పడి ఉంది. చివరికి ఒక చిన్న పత్రికలో వస్తే, పాలమూరు నుంచి ఎవరో పెద్దాయన నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. నా కథ గురించి ఒక్క ముక్క లేదు, అంతా వాళ్ళింటి పాతర గురించే. ఇంతకంటే మంచి సమీక్ష నాకు ఇంతవరకు రాలేదు. ఆ సంపాదకుడు పోయాడు గానీ ఆయన వారసులు ఉన్నారు. ఇప్పుడు 'ఎమోషన్ కనెక్ట్ అవ్వాలి' అంటున్నారు. వాళ్ళ మాట వినకు.

కలం పేరు గురించీ పోటీ గురించీ అడిగావు. వాటి మీద నాకు ఆసక్తి లేదు.

పెట్రోల్ బంకు దగ్గర నుంచి మళ్ళీ రాయి. ఫోర్ట్ బెర్తోల్డ్‌లో ఇప్పుడు చమురు బావులున్నాయి. ఆ డబ్బుతో పాటు ట్యాంకర్లూ, దుమ్మూ, వాళ్ళలో వాళ్ళకు వాదనలూ వచ్చాయి. ఆ పిల్లతో మాట కలిస్తే వాళ్ళ అమ్మమ్మ ఏం వండేదో అడుగు. చెప్పడం ఇష్టం లేకపోతే తవ్వకు. నీ కథకు సరుకు ఇవ్వడం ఆ పిల్ల ఉద్యోగం కాదు. పెట్రోల్ డబ్బులిచ్చి వచ్చేయ్.

ఆ ముసలాయన్ని మాత్రం తీసెయ్. గుర్రాన్ని కూడా.

ఈసారి అక్షరాలు పెద్దవి పెట్టి పంపు, ఫోన్‌లో కనిపించడం లేదు.