సగటు జీతం చూశారు సరే, మధ్యగతం అడిగారా?

ప్రశ్న: మా అమ్మాయికి గణితంలో మంచి మార్కులే వస్తాయి. కానీ మొన్న ‘ప్రమేయం అంటే ఏమిటి?’ అని అడిగితే రెండు సూత్రాలు రాసి చూపించింది తప్ప అర్థం చెప్పలేకపోయింది. డిగ్రీలో శుద్ధ గణితం చదువుతానంటోంది. సంఖ్యా సిద్ధాంతం, అంటే పూర్ణసంఖ్యల గుణాలను చదివే శాఖ, ఆమెకు ఇష్టమట. మేము డేటా సైన్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం, ఆ కోర్సు కరపత్రంలో సగటు జీతం చాలా బాగుంది. శుద్ధ గణితం, అనువర్తిత గణితం, సాంఖ్యక శాస్త్రం, డేటా సైన్స్‌లలో ఏది మేలు? అసలు మాటల అర్థాలే తెలియని పిల్ల గణితంలో నెగ్గుకురాగలదా?

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి వాక్యమే. ముందు దాని సంగతి చూద్దాం. నెగ్గుకొస్తుంది.

‘నా ప్రమేయం లేకుండానే జరిగిపోయింది’ అని మనం రోజూ అంటుంటాం. అదే మాట గణితం తరగతిలో ‘ఫంక్షన్’ అవుతుంది, అంటే ఒక్కోదానికి ఒకే ఒక్క విలువను జతచేసే నియమం. సమితి అంటే మనకు సంఘం, గణితంలో స్పష్టంగా నిర్వచించిన వస్తువుల సముదాయం. సిద్ధాంతం సంగతి మరీ చిక్కు. డార్విన్‌దీ సిద్ధాంతమే, పైథాగరస్‌దీ సిద్ధాంతమే. మొదటిది ఆధారాలను బట్టి బలపడుతుంది, అవసరమైతే సవరణకూ లోనవుతుంది. రెండోదాన్ని ఒకసారి నిరూపించారంటే ఇక కదిలించేవారు లేరు. ఒకే మాటకు ఇన్ని వేషాలున్నప్పుడు పిల్ల తడబడిందంటే తప్పెవరిది?

ఇంకో మాట. న్యూటన్, లైబ్నిట్జ్ పదిహేడో శతాబ్దంలో కలన గణితాన్ని (కాల్క్యులస్‌ను) నిర్మించారు. దానికి పునాది ‘అవధి’, అంటే ఒక విలువ అంతకంతకూ దేనికి దగ్గరవుతుందో అది. దానికి గట్టి నిర్వచనం కోషీ, వయర్‌స్ట్రాస్ అనే గణితవేత్తల చేతుల్లో, పందొమ్మిదో శతాబ్దంలో గానీ రాలేదు. దాదాపు నూట యాభై ఏళ్లపాటు మహామహులే అర్థం పూర్తిగా తేలకుండా లెక్కలు చేశారు. మీ అమ్మాయికి కొన్ని నెలలు ఇవ్వలేరా?

ప్రమేయం గురించి మళ్లీ అడగాలనిపిస్తే ఇలా అడగండి. ప్రతి మనిషికీ పుట్టిన తేదీ ఒక్కటే ఉంటుంది కాబట్టి మనిషి నుంచి తేదీకి వెళ్లే నియమం ప్రమేయం. మరి తేదీ నుంచి మనిషికి? ఒకే రోజు ఎందరో పుడతారు కదా, అది ప్రమేయం కాదు. ఎందుకు కాదో తను చెప్పగలిగితే అర్థం తెలిసినట్టే, సూత్రం రాయకపోయినా సరే.

ఇప్పుడు మీ సంగతి. కోపగించుకోకండి. పిల్లకు ‘ప్రమేయం’ తెలియదని బెంగపడ్డ మీరు, ‘సగటు’ అన్న మాటను ప్రశ్నించకుండానే నమ్మేశారు. పదిమందిలో తొమ్మిదిమందికి 4 చొప్పున, ఒక్కరికి 64 వచ్చాయనుకోండి. మొత్తం 100, సగటు 10. ఆ పది నిజంగా అందుకున్నవాళ్లు ఒక్కరూ లేరు! వరుసలో నడిమిన ఉన్నవారి విలువ, అంటే మధ్యగతం, 4. కరపత్రాల వాళ్లు సగటునే ఎందుకు అచ్చువేస్తారో ఇక వేరే చెప్పాలా? ఉద్యోగం రానివాళ్లను ఆ లెక్కలో కలిపారో లేదో కూడా అడగండి.

డేటా సైన్స్ మీద నాకు ద్వేషం లేదు, డిగ్రీ పేరుగా దాని మీద మాత్రం అనుమానం ఉంది. ఆ పేరు కింద ఒకచోట గట్టి గణితం చెబుతారు, ఇంకోచోట నాలుగు సాఫ్ట్‌వేర్లు నొక్కడం నేర్పి పంపిస్తారు. సాఫ్ట్‌వేర్లు పిల్ల చదువు ముగిసేలోపే మారిపోవచ్చు. మారనివి రేఖీయ బీజగణితం (లీనియర్ ఆల్జీబ్రా), కలన గణితం, సంభావ్యత (ప్రాబబిలిటీ). యంత్రాలకు నేర్పడంలో విరివిగా వాడే ఒక పద్ధతి, తప్పు తగ్గే దిశగా వాలు చూసుకుంటూ అడుగడుగునా కిందికి దిగడం. దాన్ని ఇందాకటి కోషీయే 1847లో రాశాడు. గణితమో సాంఖ్యక శాస్త్రమో బాగా చదివినవారు తరువాత డేటా సైన్స్ పనిలోకి వెళ్లడం నేను తరచూ చూస్తుంటాను. సాఫ్ట్‌వేర్లతో మొదలుపెట్టి గణితంలోకి వెనక్కి వచ్చినవాళ్లు నాకు బహు అరుదుగా తగిలారు. మీరు ఏ కోర్సు ఎంచుకున్నా ముందు పాఠ్యప్రణాళిక తెప్పించుకుని మారనివని చెప్పిన ఆ మూడు పాఠాలూ ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో లెక్కపెట్టండి.

మీరు అడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. ‘ఇది ఎప్పటికీ నిజమేనా, ఎందుకు?’ అన్నది శుద్ధ గణితం. ‘ఈ వంతెన ఊగుతుందా?’ లాంటివి అనువర్తిత గణితానివి. ‘ఇంత తక్కువ సమాచారంతో ఎంతవరకు నమ్మవచ్చు?’ అనేది సాంఖ్యక శాస్త్రం. డేటా సైన్స్ వీటన్నిటి నుంచీ అప్పు తెచ్చుకుంటుంది. వీటి మధ్య గోడలు మీరు భయపడుతున్నంత ఎత్తువి కావు, మొదటి రెండేళ్ల పాఠాలు చాలావరకు కలిసే ఉంటాయి.

ఇక సంఖ్యా సిద్ధాంతంతో ఉద్యోగం ఏం వస్తుందన్న బెంగ. శతాబ్దాలపాటు దాన్ని పనికిరాని అందం అనే అనుకున్నారు. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అనే ముగ్గురు ప్రధాన సంఖ్యలతో (1తోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగింపబడని 2, 3, 5, 7 లాంటివి) రహస్య సందేశాలకు తాళం వేసే పద్ధతి కనిపెట్టారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, లబ్ధాన్ని చూసి ఆ రెండూ ఏవో చెప్పడమే కష్టం. ఇంటర్నెట్ భద్రతలో ఆ తాళం నేటికీ వాడుకలో ఉంది.

ఈ రాత్రి మీ అమ్మాయికి 10403 అన్న సంఖ్య ఇచ్చి, ఏ రెండింటి లబ్ధమో చెప్పమనండి. కాలిక్యులేటర్ వద్దు. జవాబు 101, 103 అని మీకు తెలుసు కాబట్టి మీరు చూడాల్సింది జవాబు కాదు. విసుక్కుంటుందా, ‘వంద వందలు పదివేలు కదా...’ అంటూ కాగితం లాక్కుంటుందా? లాక్కుంటే కాసేపు పలకరించకండి.